కింది కాడను చూసి కొనండి

యాంగోన్‌లో ముళ్ల మొక్కలు పెంచడమంటే వానతో పందెం కట్టడమే. మే నెల సగం నుంచి అక్టోబరు దాకా ముసురు వదలదు. ఏడాదికి 2,500 మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది. ఎడారి మొక్క ఈ తడికి మొదలు దగ్గర మెత్తబడి, చూస్తుండగానే కుళ్లిపోతుంది. మన పెద్దలు రంగం అని పిలిచిన ఈ ఊళ్లో, నా ఇరుకు బాల్కనీలో కొన్ని కుండీలు నిలబడ్డాయంటే అది డ్రాగన్ ఫ్రూట్ తీగ పుణ్యం. ఇక్కడి బజార్లో నగామౌక్ పేరుతో అమ్మే పండు దానిదే.

ఇదీ కాక్టసే గానీ ఎడారిది కాదు. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్లకు పాకే తీగ. మూడు పలకల కాడ, అంచుల వెంట పొట్టి ముళ్లు, గాలిలోకి దిగే ఊడలు. తడికి కాస్త ఓర్చుకుంటుంది. దాని మీద అంటు కట్టిన మొక్క నేలతడికి అందకుండా పైనుంటుంది. బత్తాయిని రంగపూర్ నిమ్మ మీద కట్టే మన రైతుకు ఈ కిటుకు చెప్పనక్కర్లేదు.

అంటు ఎండాకాలంలోనే కట్టాలి. వానల్లో కోసిన గాయం ఆరదు. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో కాడను అడ్డంగా కోసి, మూడు అంచులనూ ఏటవాలుగా చెక్కాలి. చెక్కకపోతే తోలు ఆరి ముడుచుకుని పై ముక్కను లేపేస్తుంది. కోతలో నడిమధ్య చిన్న వలయం కనిపిస్తుంది, నీరూ ఆహారమూ నడిచే దారి అదే. పై ముక్క వలయం దాన్ని ఒకచోటైనా తాకాలి. గాలి బుడగ లేకుండా అదిమి, రబ్బరు బ్యాండు వేసి నీడలో పెట్టాలి. కాడకు పక్క చిగుళ్లు వస్తే మొహమాటపడకుండా గిల్లేయాలి.

బజార్లో అందరూ ముచ్చటపడే ఎర్రబంతి మూన్ కాక్టస్‌కు ఈ తీగే ప్రాణం. 1941లో జపాన్‌లో బయటపడ్డ ఆ రకానికి పత్రహరితం లేదు, సొంతంగా బతకలేదు. పైదానికి నీడ కావాలి, కిందిదానికి వెలుతురు కావాలి. ఈ కాపురం కొన్నేళ్లకే చెడుతుంది. పైగా అమ్మేవాళ్లు కాడను రెండంగుళాలకు కుదించేస్తారు. వండిపెట్టేది ఆ పచ్చ కాడే అయినప్పుడు దాన్ని పొట్టి చేయడం నాకు సుతరామూ నచ్చదు.

కొనేటప్పుడు ఎర్రబంతిని కాదు, కింది కాడను చూడండి. జానెడు పొడవుండి, నొక్కితే గట్టిగా, గోధుమరంగు మచ్చ లేకుండా ఉంటేనే డబ్బులివ్వండి.