విడాకులు – బిడ్డల మౌనము

హెన్రీ జేమ్సు 1897లో ప్రకటించిన ‘వాట్ మేసీ న్యూ’ యను ఆంగ్లనవల మన గృహస్థులు చదువఁదగిన గ్రంథము. శైలి కఠినము, వాక్యములు పలుచోట్ల చిక్కువడిన నూలువలె నుండును. అయినను విడాకులు పొందిన దంపతులు తమ బిడ్డతో నెట్లు మాటాడరాదో ఇంత సూక్ష్మముగాఁ జూపిన నవలను నేను వేఱొకదానిని చదివియుండలేదు.

తండ్రియొద్ద ఆఱునెలలు, తల్లియొద్ద ఆఱునెలలు మేసీ యుండునట్లు ఏర్పాటు జరిగినది. తండ్రి తల్లిని దూషించి, ఆ దూషణమును ఆమెకుఁ జేర్చుమని బిడ్డకే యప్పగించును. బిడ్డ అక్షరము పొల్లువోక చెప్పును. కొంతకాలమునకు ఆ పసిదానికిఁ దాను మోయుచున్నదేమో తెలియవచ్చినది. నాఁటినుండి విన్నదెల్ల మఱచినట్లు నటింప నేర్చినది. తలిదండ్రులు దానిని మందబుద్ధి యనుకొనిరి! జేమ్సు ప్రతిభయంతయు నిక్కడ నున్నది. బిడ్డ యడుగలేదు గనుక దానికేమియుఁ దెలియదని యూరకుండు పెద్దలు మనలోను గలరు. తరగతిలో హఠాత్తుగా మూగవోయిన యొక పిల్లవానిని నేనును మొదట మొద్దనియే తలఁచితిని. తన యల్లరివలననే నాన్న యిల్లు విడిచెనని వాఁడు నమ్మియుండెనని పిమ్మటఁ దెలిసినది.

ఈ నవలప్రక్కన శాకుంతల సప్తమాంకము నుంచి చూడుఁడు. అది విడాకుల కథ కాదు, పరిత్యాగకథ. బిడ్డ దుఃఖమునకు ఆ భేదము తెలియదు. ధర్మపత్నిని విడిచినవాని పేరు పలుకుటకైనఁ దాపసి యొల్లదు. బాలుఁడో, తన్నుఁ గుమారా యని పిలిచిన క్రొత్తవానితో, తన తండ్రి దుష్యంతుఁడే కాని నీవు కావని తగవులాడును. ఆశ్రమము పలుకనొల్లని పేరును వానికి నేర్పినదెవరు? కవి చెప్పలేదు, తల్లియే యని నా యూహ. ఆమె యా పేరిట విషము కలిపియుండినచో వాఁడంత గర్వముతోఁ బలికెడివాఁడా? మనము సింహశిశువునే తలఁచుకొని యీ మాటను దాటిపోవుదుము.

అయితే, ఈతఁడెవరని బిడ్డ సూటిగా నడిగినప్పుడు, నీ భాగ్యమునే యడుగుమని శకుంతల బదులిచ్చును. నాటకమున నది యెంతయు రమ్యము. ఇంటిలో నాలుగేండ్ల బిడ్డకు భాగ్యమన నేమి తెలియును? నాన్న వేఱొక యింట నుండును, ఆదివారము వచ్చును, ఇందు నీ తప్పేమియు లేదని చెప్పవలయును. ఱేపు మరల నడిగిన మరలఁ జెప్పవలయును. రాఁడని యెఱిఁగియు వచ్చునని చెప్పరాదు. 1955వ సంవత్సరపు హిందూ వివాహచట్టము ననుసరించి బిడ్డ యెవరియొద్ద నుండవలెనో న్యాయస్థానము నిర్ణయింపవచ్చును. ఈ మాటలు మాత్రము కన్నవారే పలుకవలయును.

నవలాంతమున మేసీ తన యుపాధ్యాయినితో నోడనెక్కి వెడలిపోవును. అది యా పిల్ల విజయమని కొందఱనవచ్చును, నాకట్లు తోఁపలేదు. కన్నవారిలో నొక్కరైనను దానితో నొక్కసారి నిష్కపటముగా మాటాడిన పుట కొఱకు వెనుకకుఁ ద్రిప్పి వెదకితిని. కనఁబడలేదు.