నందిగామ ఎండకు ఏ స్క్రూ?

మెషిన్ కచ్చితత్వమంతా బాల్ స్క్రూ గ్రేడులోనే ఉందన్న నమ్మకం మన లేత్ షాపుల్లో బాగా పాతుకుపోయింది. కొటేషన్‌లో సీ3 అని ఉంటే చాలు, సీ7 మెషిన్ నాసిరకంగా తోస్తుంది. సీ7 స్క్రూలో 300 మిల్లీమీటర్లకు 50 మైక్రాన్ల దాకా తప్పు రావచ్చు, సీ3లో 8 లోపే. నిజమే. కానీ ఆ కొలతలకు ఆధారం 20 డిగ్రీల వేడి. మే నెలలో నందిగామలో నీడపట్టునే 44 డిగ్రీలు పడే రోజులుంటాయి. మీటరు ఉక్కు ఒక్కో డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. 24 డిగ్రీల తేడాకు 276 మైక్రాన్లు, అంటే పావు మిల్లీమీటరు పైమాటే. ఏసీ లేని రేకుల షెడ్డులో సీ3కి కట్టిన అదనపు డబ్బు ఆ ఎండకే ధారపోసినట్టు.

చేసే ముక్క కూడా ఉక్కే కదా, అదీ అంతే సాగుతుంది కదా అనవచ్చు. రెండూ ఒకే వేడిలో ఉన్నంతసేపూ ఆ మాట చెల్లుతుంది. అల్యూమినియం దాదాపు రెట్టింపు సాగుతుంది. తలుపులు చెక్కే టేకుది వేరే దారి. పైగా స్క్రూ తన వేడి తనే పుట్టించుకుంటుంది. జోరుగా తిరిగి ఐదు డిగ్రీలు పెరిగిందా, మీటరుకు దాదాపు 60 మైక్రాన్లు వచ్చిపడతాయి. ముక్క మాత్రం అలాగే ఉంటుంది. పొద్దున తీసిన పీసుకూ మధ్యాహ్నం పీసుకూ కొలత కలవకపోవడానికి ఇదొక కారణం. గ్రేడు దీన్ని ఆపలేదు. గ్రేడు చెప్పే పిచ్‌లోని తప్పు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది గనక కంట్రోలర్‌లో సరిదిద్దుకోవచ్చు. నట్టులోని ప్లే అలా లొంగదు, కోత ఎటు తోస్తే అటు జరుగుతుంది. డబ్బు పెట్టాల్సింది అక్కడ, ప్రీలోడ్ చేసిన నట్టు మీద, చివర్లలోని బేరింగుల మీద. మరీ బిగిస్తే మళ్లీ వేడే, అది వేరే సంగతి.

సీ3 లాంటి గ్రైండింగ్ చేసిన స్క్రూ ఎక్కువ మన్నుతుందంటారు. కానీ మోయగల శక్తితో పోలిస్తే భారం సగమైతే బాల్ స్క్రూ ఆయుష్షు ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి మన్నికే కావాలంటే ఒక సైజు లావుది తీసుకోవడం మేలు. అయితే పొరుగునున్న జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి క్వారీలు. ఆ దుమ్ము గ్రీజులో కలిసి నట్టులోకి దిగితే సానరాయి పనే చేస్తుంది, ఆయుష్షు లెక్కలేవీ నిలవవు. వైపర్ సీళ్లు, బెలోస్ కవరు లేని సీ3 కన్నా అవి ఉన్న సీ7నే నేను నమ్ముతాను.

డైలు, గేజీలు చేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లు ముందు ఏసీ గది కట్టి, లీనియర్ స్కేలు బిగించి, ఆ తరవాత సీ3 అడగాలి. 50 మిల్లీమీటర్ల బుష్‌కు హెచ్7 బోరు కొట్టే షాపుకు 25 మైక్రాన్ల వెసులుబాటు ఉంటుంది. ఆ బోరుకు టూలు అడ్డంగా జరిగేది కొద్ది దూరమే. అంతలో సీ7లో వచ్చే తేడా ఆఫ్‌సెట్‌తో సర్దుకుంటుంది.