రాగిరేకుపై సంధ్య

మన ఆలంకారికులు చంద్రోదయమును, మలయానిలమును, ఉద్యానములను ఉద్దీపనవిభావములలో చేర్చిరి. నాయికానాయకుల రతిని రగుల్కొల్పుటయే సామాన్యముగా వాని పని. ఐరోపాలో పద్దెనిమిదవ శతాబ్ది చివర తలయెత్తిన కాల్పనికోద్యమ చిత్రకారులు ఈ వరుసను మార్చిరి. బీడుపొలము, పూరిగుడిసె, వంగిన చెట్టు వారికి ఆలంబనములే యైనవి. ఆ మార్పు పెద్ద వర్ణచిత్రములలో కంటె చిన్న రాగిరేకుల అచ్చులలోనే నాకు తేటగా కనిపించును.

రేకుపై మైనము పూసి సూదితో గీచి ఆమ్లములో ముంచినచో, గీచిన చోటనే లోహము కరగును. ఆ గాళ్లలో సిరా నింపి కాగితముపై ఒత్తుదురు. నలుపు తెలుపుల తారతమ్యముతోనే భావమంతయు పలుకవలెను.

మన దక్షిణదేశమును రాగిరేకుల కెక్కించినవారిలో థామస్ డేనియల్, ఆయన సోదరుని కుమారుడు విలియం ప్రసిద్ధులు. 1792లో వారు చెన్నపట్టణమునుండి దక్షిణమునకు ప్రయాణము కట్టిరి. గుగ్గిలపు పొడితో ఛాయలు తెచ్చు పద్ధతిలో వారు చేసిన 144 పలకలు 1795 మొదలు 1808 వరకు ‘ఓరియంటల్ సీనరీ’ అను పేర వెలువడినవి. పాపనాశనము, కుర్తాళము జలపాతముల పలకలలో అద్భుతరసమునకు లోటులేదు. కాని అందలి మనుష్యులు కొండల యెత్తు తెలియుటకై నిలిపిన కొలబద్దలవలె నుందురు. వారి యిల్లెచ్చటనో చిత్రకారుడు అడుగలేదు.

శామ్యూల్ పామర్ మార్గము వేరు. 1805లో జన్మించిన యీతడు నడివయస్సున, 1850లో గాని ఈ విద్యను చేపట్టలేదు. 1879 నాటి ‘ఏకాంత గోపురము’ చూడుడు. కొండకొనను గోపురము, దానిలో ఒక దీపము; దిగంతమున వంకచంద్రుడు; దిగువ దారిలో ఎద్దుబండి; పైకి చూచుచున్న గొల్లలు. ఎవరును ఏడ్చుట లేదు. పామర్ పెద్దకొడుకు పందొమ్మిదవయేట, 1861లో, లీత్ హిల్ అను కొండ చెంత మరణించెను. ఆ కొండపైని గోపురమే యిది యందురు. ఇది తెలిసినపిమ్మట ఆ దీపమును మునుపటివలె చూడజాలము. కరుణకు ఆలంబనము ఇచట మనిషి కాదు, వెలుగు.

అయినను ఒక కొరత చెప్పక తప్పదు. ఆయన యౌవనమున నివసించిన కెంటు సీమలో 1830లో కూలీలు ఆకలికి తాళలేక తిరుగబడిరి. ఆ ఆకలి ఆయన రేకులమీద ఎక్కడను గీత పడలేదు. మన రాయలవారు ఆముక్తమాల్యదలో వానకాలమును వర్ణించుచు, తడికట్టెలతో పొయ్యి రాజజాలని యిల్లాలి అవస్థను గూడ విడువలేదు. ఆ పొగ పామర్ సంధ్యలలో లేదు.

మొన్న ఈ చిత్రపు నకలును తిరువొత్తియూరులో మా పొరుగింటి అవ్వకు చూపితిని. నెల్లూరు పల్లె విడిచి వచ్చి అరువదేండ్లు దాటిన మనిషి. చాలసేపు చూచి, “ఇంత పొద్దుపోయినాక దీపం పెట్టుకోనుండారంటే, ఎవరో రావాల కాబోలు నాయనా” అన్నది. ఆ కొడుకు మాట నేను ఆమెకు చెప్పలేదు.