పారబోసే ముందు

డీఎన్‌ఏకి, అయస్కాంతానికి ఏ చుట్టరికమూ లేదు. ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే. డీఎన్‌ఏని శుభ్రం చేసేటప్పుడు అయస్కాంతం లాగేది మనం అందులో కలిపిన బీడ్స్‌ని. కడుపులో ఐరన్ ఆక్సైడ్ దాచుకున్న, కంటికి ఆనని పూసలవి. ద్రవంలో కలిసి ఉన్నప్పుడు అచ్చం కాఫీ డికాక్షనే.

పెగ్ అనే పాలిమరూ ఉప్పూ పడగానే డీఎన్‌ఏకి నీళ్లలో ఇరుకవుతుంది. ముడుచుకుపోయి పూసలను పట్టుకుంటుంది. ట్యూబును అయస్కాంతం పక్కన పెడితే కాసేపటికి పూసలన్నీ గోడకు చేరి, ద్రవం తేటపడుతుంది. ఆ తేట తీసేసి, 80 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు కడిగి, ఆరనిచ్చి, నీళ్లు పోస్తే డీఎన్‌ఏ పూసలను వదిలేస్తుంది. 1995లో అమెరికాలోని వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ప్రచురించిన కిటుకు ఇది. పాత పద్ధతిలో ఫినాల్, క్లోరోఫామ్ వాసనల మధ్య ఇదే పని నేర్చుకున్న నాకైతే పండగే అనిపించింది.

ఆరనివ్వడం మాత్రం ఏ ప్రోటోకాల్ చదివినా రాదు. అది అరిసెల పాకం లాంటిది. పూసల మెరుపు తగ్గే క్షణంలో నీళ్లు పోయాలి. తొందరపడితే ఇథనాల్ మిగిలి తర్వాతి పనిని పాడుచేస్తుంది. ఆలస్యమైతే పూసలు ఎండిన చెరువు మట్టిలా బీటలిస్తాయి, డీఎన్‌ఏ సరిగా వదలదు. ఫోన్ మోగినా నేను ఎత్తని నిమిషాలివి.

అయినా నా పెద్ద తప్పు అక్కడ జరగలేదు. మధ్యరకం పొడవున్న డీఎన్‌ఏ ముక్కలే కావాలంటే బీడ్స్ రెండు విడతల్లో వేస్తాం. మొదట తక్కువ వేస్తే పెద్ద ముక్కలే అతుక్కుంటాయి. అప్పుడు పూసలు పారేసి ద్రవం దాచుకోవాలి. దానికి మళ్లీ బీడ్స్ కలిపితే మధ్యరకం ముక్కలు అంటుకుంటాయి. ఈసారి పూసలు దాచుకుని ద్రవం పారేయాలి. ఓ శుక్రవారం సాయంత్రం నా చేయి అలవాటు ప్రకారం మొదటి విడతలోనే ద్రవాన్ని పారబోసింది. పదహారు శాంపిళ్లు, నాలుగు రోజుల పని. గోడకు అంటుకున్న గోధుమరంగు మచ్చను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు నా బల్ల మీద అదనంగా ఒక ప్లేటు ఉంటుంది. తీసేసిన ద్రవమంతా అందులోకే. డీఎన్‌ఏ ఎంత దక్కిందో చెప్పే చివరి రీడింగ్ వచ్చేదాకా దాన్ని ఎవరినీ కడగనివ్వను.