చేశాను, చేయడం జరిగింది

పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు అంకుల్ నా చేతిలో రెండు లాంగ్ నోటుబుక్కులు పెట్టారు. "బాబూ, నువ్వేవో పుస్తకాల గురించి రాస్తుంటావట కదా. ఇది కాస్త కంప్యూటర్లోకి ఎక్కించి పెడతావా? మనవలకి నా చేతిరాత అర్థం కావట్లేదు" అన్నారు. కొండాపూర్‌లో ఉండే రిటైరైనవాళ్ళలో చాలామంది పిల్లల ఉద్యోగాల కోసం ఊరు వదిలి వచ్చినవాళ్ళే. ఈయన శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చారు. ఇరవై ఏళ్ళకు పైగా వైమానిక దళంలో పనిచేశారు. పైలట్ కాదు, అసలు ఆఫీసరే కాదు. ఎయిర్‌మన్‌గా చేరి, కార్పొరల్, సార్జెంట్ మెట్లెక్కి, ఏఎన్-32 రవాణా విమానాల్లో ఫ్లైట్ ఇంజనీర్‌గా ఎగిరి, వారెంట్ ఆఫీసర్‌గా బయటికొచ్చారు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఈ వ్యాసం రాయడానికి మాత్రం ఒప్పుకున్నారు.

అచ్చుకాని రాతప్రతి మీద విమర్శ ఏమిటని మీకు అనిపించవచ్చు. ఇలాంటి పుస్తకం అచ్చులో నాకు దొరకలేదు కాబట్టి. దాన్ని చదవడంలో నేను చేసిన తప్పు ఒకటుంది, అది చెప్పుకోవాలి కాబట్టి కూడా.

ముందు రాత ఎలా ఉందో చూడండి: "ఉదయం నాలుగున్నరకు లేవడం జరిగింది. విమానం చుట్టూ తిరిగి చూడటం జరిగింది. ఎడమ ఇంజన్ కింద ఆయిల్ మరక గమనించడం జరిగింది. తుడిచి, మళ్ళీ చూడటం జరిగింది." రెండు నోటుబుక్కులూ ఇంతే. చండీగఢ్ నుంచి లేహ్‌కి ఎన్నిసార్లు వెళ్ళినా ఇదే వాక్యం. పది వేల అడుగులకు పైన ఉండే లేహ్‌లో మధ్యాహ్నమైతే గాలి మారుతుంది కాబట్టి పొద్దున్నే దిగి, పొద్దున్నే లేవాలి. మంచుకొండల మీద వెనక ర్యాంప్ తెరిచి, నడుముకి బెల్టు, ముక్కుకి ఆక్సిజన్ తగిలించుకుని, కింద ఉన్న జవాన్లకు కిరోసిన్, రేషన్ పారాచూట్లతో వదలాలి. చదివేవాడికి ఒళ్ళు జలదరించాల్సిన చోటు కదా? ఆయనేమో "సామాను వదలడం జరిగింది" అని రాసి తేదీ వేశారు.

ఈ 'జరిగింది' మనకు కొత్తది కాదు. ప్రభుత్వ ప్రకటనల్లో, సభల్లో, టీవీ వార్తల్లో రోజూ వింటున్నాం. తెలుగు క్రియలో కర్త చివర్లోనే దాక్కుని ఉంటాడు. 'చేశాను' అంటే చాలు, నేను వేరే చెప్పక్కర్లేదు. 'చేయడం జరిగింది' అన్నప్పుడు ఆ దాక్కున్నవాణ్ణి కూడా బయటికి పంపేస్తాం. పని మిగులుతుంది, మనిషి ఉండడు.

నాకు ఆఫీసులోనూ ఇదే భాషతో పని. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే తెల్లారేసరికి ఒక రిపోర్టు రాయాలి. అందులో ఎవరి పేరూ ఉండదు. 'కాన్ఫిగరేషన్ మార్చబడింది, సర్వీసు ఆగిపోయింది, పునరుద్ధరించబడింది.' మార్చింది నేనే అని నాకూ తెలుసు, మా మేనేజరుకూ తెలుసు. అందుకే అంకుల్ వాక్యాలు చూడగానే ఒక నిర్ణయానికి వచ్చేశాను: ఇది దాక్కునే భాష, దీన్ని బాగుచేయాలి. స్క్రిప్టు రాద్దామనుకున్నాను గానీ 'లేవడం' 'లేచాను' కావాలి, 'చూడటం' 'చూశాను' కావాలి. తెలుగు అంత తేలిగ్గా లొంగదు. రెండు నెలలు శని ఆదివారాలు కూర్చుని చేత్తోనే మార్చాను. పని బాగా వచ్చిందనే అనుకున్నాను.

ఆయన ప్రింటు తీసుకుని నాలుగు రోజుల తర్వాత తిరిగిచ్చారు. "ఇది నేను రాసింది కాదు బాబూ" అన్నారు. కోపంగా కాదు, కొలత తప్పిన చొక్కా దర్జీకి తిరిగిచ్చినట్టు. తర్వాత వివరించారు. "ఇంజన్ స్టార్ట్ చేశాను అని పెట్టావు. నేనెక్కడ చేశాను? లిస్టు చదివేది ఒకరు, స్విచ్ వేసేది ఒకరు, ముల్లు చూసి సరే అనేది ఒకరు, కింద నిలబడి చెయ్యి ఊపేది ఒకరు. చేశాను అంటే మిగతావాళ్ళు ఏమైనట్టు?"

ఆ మాట విన్నాక నా అలమారాలోని పుస్తకాలు వేరేగా కనిపించాయి. విమానాల గురించిన గొప్ప సాహిత్యమంతా ఎవరు రాశారు? సెంట్ ఎగ్జూపెరీ పైలట్. 1935 చివర్లో లిబియా ఎడారిలో ఆయన విమానం కూలినప్పుడు పక్కన ప్రేవో అనే మెకానిక్ ఉన్నాడు. ఇద్దరికీ ఒకటే దాహం, ఒకటే నడక. 1939లో వచ్చిన పుస్తకంలో ఆ రోజుల గురించిన అధ్యాయం ఎవరూ మర్చిపోలేరు. కానీ ప్రేవో మనకు తెలిసేది ఎగ్జూపెరీ చూసినంత మేరకే. జోసెఫ్ హెల్లర్ బాంబర్ విమానంలో బొంబార్డియర్, ఆఫీసర్. అరవై మిషన్లు ఎగిరాడు. 1961లో వచ్చిన 'క్యాచ్-22' మొత్తం ఒక గాయం చుట్టూ తిరుగుతుంది. ఆ గాయం విమానం వెనక భాగంలో పడి ఉన్న స్నోడెన్ అనే కుర్ర గన్నర్‌ది. నవల నిండా అతను మళ్ళీ మళ్ళీ వస్తాడు, చలేస్తోందని తప్ప దాదాపు ఏమీ అనడు. అతని చావు మీద నాయకుడికి జ్ఞానోదయం అవుతుంది. అతనికేం అనిపించిందో ఎవరూ అడగరు.

రాండల్ జరెల్ 1945లో అయిదే అయిదు పాదాల్లో ఒక బాల్ టరెట్ గన్నర్ గురించి కవిత రాశాడు. బీ-17, బీ-24 విమానాల పొట్ట కింద వేలాడే గాజు బుడగలో ముడుచుకుని కూర్చునే మనిషి. అక్కడ మాత్రం గన్నరే 'నేను' అంటాడు. కాకపోతే చచ్చాక. పైగా జరెల్ గన్నర్ కాదు. పైలట్ శిక్షణలో నెగ్గక, నేల మీదే ఉండి నావిగేషన్ నేర్పించినవాడు. అంటే ఆ 'నేను' కూడా అరువుదే. ఆ బీ-24 లిబరేటర్లను మన వైమానిక దళం 1968 దాకా నడిపింది. వాటిలో మన గన్నర్లూ, సిగ్నలర్లూ, ఫ్లైట్ ఇంజనీర్లూ ఎగిరారు.

మన దగ్గరా ఇంతే. ఆరుద్ర యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేశారు. మనకది ఆయన జీవిత పరిచయంలో ఒక వాక్యంగానే ఎక్కువ తెలుసు. 2023 జులై వరదల్లో భూపాలపల్లి జిల్లా నైన్‌పాక దగ్గర జేసీబీ మీద చిక్కుకున్న ఆరుగురిని హెలికాప్టర్ కాపాడిందని మనమంతా చెప్పుకున్నాం. హెలికాప్టర్! ఇలాంటి పనుల్లో తలుపు దగ్గర నిలబడి, కిందికి వంగి, ఇంకో గజం ముందుకు, కాస్త ఎడమకు అని పైలట్‌కి చెప్పేవాడు ఒకడుంటాడు. పైలట్‌కి తన కింద ఏముందో కనపడదు, ఇతని మాటే కళ్ళు. 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర కూలిన ఎంఐ-17లో చనిపోయిన జూనియర్ వారెంట్ ఆఫీసర్ ఎ. ప్రదీప్ అలాంటి మనిషి. 2018 కేరళ వరదల్లో జనాన్ని కాపాడిన హెలికాప్టర్లలో పనిచేశాడు. ఆ సంగతి మనకు తెలిసింది ఆయన పోయాకే.

ఈ వరసలో పెట్టి చూస్తే అంకుల్ నోటుబుక్కుల విలువ తెలుస్తుంది. పక్కసీటు మనిషి బతికుండగా తనే రాసుకున్నది ఇది. అలాగని లోపాలు లేవని కాదు. దిగగానే ఆఫీసర్లు ఒక మెస్‌కీ, ఎయిర్‌మెన్ ఇంకో మెస్‌కీ వెళ్తారు. ఒకే చలి, ఒకే ప్రమాదం పంచుకున్నవాళ్ళు అన్నం దగ్గర విడిపోతారు. ఈ సంగతి ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశారు. అక్కడ ఆగాల్సింది. పోస్టింగుల జాబితా మాత్రం పదకొండు పేజీలు. ఇంకోచోట "తాడు తెగడం జరిగింది" అని ఉంది. కట్టింది ఎవరని అడిగితే నవ్వి, టీ తాగమన్నారు. కాబట్టి నా మొదటి అనుమానం పూర్తిగా తప్పు కాదు. తనది కాని గొప్ప తీసుకోకపోవడానికీ, తనదైన తప్పు ఒప్పుకోకపోవడానికీ 'జరిగింది' ఒకేలా పనికొస్తుంది. ఏది ఏదో పాఠకుడే పోల్చుకోవాలి.

ఇక నా తప్పు. మూలంలో ఉన్నట్టే మళ్ళీ టైప్ చేస్తూ రెండో నోటుబుక్కు మధ్యకి వచ్చాను. ఒక పేజీలో మూడే వాక్యాలు: "ఆరోజు నాకు జ్వరం. నేను ఎక్కలేదు. అతను ఎక్కాడు." మిగతా పేజీ ఖాళీ. తర్వాతి పేజీ మూడు వారాల తర్వాతి తేదీతో, విమానం చుట్టూ తిరిగి చూడటంతో మొదలవుతుంది. 'అతను' మళ్ళీ ఎక్కడా రాడు.

ఈ వాక్యాలు మొదటిసారి కూడా నా వేళ్ళ కిందనుంచే వెళ్ళాయి. నేను చూడలేదు. చుట్టూ నేను పోసిన వందల 'చేశాను'ల్లో అవి కలిసిపోయాయి. మూలంలో అలా కాదు, అక్కడ చెయ్యి ఆగిపోతుంది. 'జరిగింది' లేదు. తెలుగులో 'ఎక్కాను' అంటే ఎక్కింది ఎవరో తెలుస్తుంది. 'ఎక్కలేదు' అంటే తెలియదు, నేనైనా అతనైనా వాళ్ళైనా అదే మాట. అందుకని ఆయన 'నేను' అని రాయక తప్పలేదు. రెండు నోటుబుక్కులూ వెతికాను. ఆ మాట ఉన్నది అక్కడొక్కచోటే. తను చేసిన ఏ పనికీ వాడని 'నేను'ని చేయని పనికి వాడారు.

ఇంకొంచెం రాయమని అడిగాను, విమర్శకుడి దురాశ. "అంతకంటే ఏముంది బాబూ" అన్నారు. అదే నోటుబుక్కులో 2016 జులై నాటి పేపర్ కటింగ్ ఒకటి మడిచి ఉంది. తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ 29 మందితో కనపడకుండా పోయిన ఏఎన్-32 వార్త. అందులో విశాఖ నౌకాదళ డిపో ఉద్యోగులూ ఉన్నారు. విమానం ముక్కలు 3,400 మీటర్ల లోతులో దొరికాయని 2024లో తెలిసింది. దాని గురించి ఆయన ఏమీ రాయలేదు, నేనూ అడగలేదు.

రాతప్రతి ఇప్పుడు మూలంలో ఉన్నట్టే ఉంది. అక్షరదోషాలు మాత్రం సరిచేశాను. మనవల కోసం స్పైరల్ బైండింగ్ చేయించి నాలుగు కాపీలు ఇచ్చాను. మూడు వాక్యాల పేజీలో మిగిలిన ఖాళీ చూసి, జెరాక్స్ షాపతను పేజీ మధ్యలో తెగిపోయిందా అని అడిగాడు. లేదు, అంతే ఉందని చెప్పాను.