కలకండ విడిచిన నలుపు

రోష్‌ఫోర్ 10 సీసా చూపులకు దగ్గుమందు సీసాలా ఉంటుంది. 33 సెంటీలీటర్లు, గోధుమరంగు గాజు, నీలం మూత. వెడల్పు మూతి గ్లాసులోకి వంచి పోస్తే నల్లగా దిగుతుంది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే అంచుల్లో చింతపండు గుజ్జు రంగు ఎరుపు కనిపిస్తుంది. ముక్కుకు ముందు తగిలేది ఎండుద్రాక్ష, ఎండు ఖర్జూరం. కాస్త ఆగితే సోంపు. మింగాక బ్రెడ్డు అంచు మాడినట్టు చిన్న చేదు. ఇన్ని తీపి వాసనలు వేసేది, పైగా 11.3 శాతం ఆల్కహాల్ ఉన్నది, నాలుకకు పాకంలా అంటుకోవాలి కదా. అంటుకోదు. గుటక దిగాక నోరు కడిగినట్టు ఉంటుంది. పన్నెండేళ్లుగా నన్ను గరాజ్‌లో నిలబెట్టి బీరు కాయిస్తున్నది ఈ ఒక్క చిక్కుముడే: అంత తీపి వాసనలో ఇంత తక్కువ తీపి ఎలా?

ఈ బీరు పుట్టేది దక్షిణ బెల్జియంలో, రోష్‌ఫోర్ ఊరి దగ్గరి నోత్ర్‌దామ్ ద సాన్ రెమీ మఠంలో. అక్కడ బీరు కాచినట్టు 1595 నుంచే దాఖలా ఉంది. ఇప్పటి తయారీ మొదలైంది 1899లో. సీసా మీద ట్రాపిస్ట్ ముద్ర పడాలంటే బీరు మఠం గోడల లోపలే కాయాలి, సన్యాసుల అజమాయిషీ ఉండాలి, వచ్చిన లాభం మఠం గడవడానికీ దానధర్మాలకూ పోవాలి. పేరులోని 10 మత్తు శాతం అనుకునేవాళ్లు చాలామంది. అది పాత బెల్జియం కొలత. పులియక ముందు రసం నీళ్లకంటే ఎంత బరువో చెబుతుంది. నీళ్లు 1.000 అయితే ఈ రసం దాదాపు 1.100 అన్నమాట.

ఇంత గట్టి బీర్ల మీద అక్కడి జనానికి మోజు పెరగడం వెనక ఒక చట్టం కూడా ఉంది. 1919 నాటి వాండర్‌వెల్డె చట్టం జిన్ లాంటి ఘాటు మద్యాన్ని కఫేల్లో అమ్మకుండా ఆపింది. 1983 దాకా అది కదల్లేదు. ఘాటు కావాల్సినవాళ్లు బీరులో వెతుక్కున్నారు, కాచేవాళ్లు సమకూర్చారు. వెస్ట్‌మాలె మఠం ట్రిపెల్ బీరు వచ్చింది 1934లో, వెస్ట్‌ఫ్లెటరెన్ మఠం 12 వచ్చింది 1940లో.

బలం పెంచాలంటే మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఎక్కువ వేస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. మాల్ట్‌లోంచి దిగే చక్కెరల్లో కొన్నింటిని యీస్ట్ తినలేదు, అవి మిగిలిపోయి బీరు గంజిలా చిక్కబడుతుంది. మామూలు చక్కెరనైతే ఆసాంతం తినేస్తుంది. బలం వస్తుంది, చిక్కదనం రాదు. బీరంటే బార్లీ, హాప్స్, నీళ్లు అంతే అని 1516లో శాసనం రాసుకున్న బవేరియా వాళ్లకు చక్కెర పోయడం కల్తీ. బెల్జియం వాళ్లు మాత్రం నిస్సంకోచంగా పోస్తారు. గట్టి బీరు భోజనంతోపాటు సాఫీగా దిగాలన్నది వాళ్ల పట్టు, ఆ విషయంలో నా ఓటు వాళ్లకే.

ఏ చక్కెర అన్న దగ్గరే ఇంట్లో కాచుకునే అమెరికా వాళ్లు ఏళ్ల తరబడి పప్పులో కాలేశారు. బెల్జియం వంటకాల్లో ‘కాండి చక్కెర’ అని చదివి, గాజుముక్కల్లాంటి స్ఫటికాలను సన్యాసుల రహస్యమనుకుని ఎక్కువ ధర పెట్టి కొన్నారు. నేను ఇంకాస్త తెలివి చూపించాను. కాండి అన్నా మన కలకండలోని కండ అన్నా ఒకటే, సంస్కృత ఖండం నుంచి పారశీకం, అరబ్బీ మీదుగా యూరప్ చేరిన మాటే. కాబట్టి ఇండియన్ స్టోరులో పటికబెల్లం అరకిలో ప్యాకెట్లు రెండు కొని పోశాను. మాట కలిసింది, బీరు కలవలేదు. రంగు రాలేదు, ఎండుద్రాక్ష వాసన అసలే లేదు. కిలో పంచదార పోసినా అదే బీరు వచ్చేది.

ఎందుకో కలకండ తయారీ చూస్తే తెలుస్తుంది. చిక్కటి చక్కెర పాకంలో దారాలు వేలాడదీసి, కదపకుండా రోజుల తరబడి ఆరనిస్తారు. దారం చుట్టూ స్ఫటికం పేరుకుంటుంది. స్ఫటికం కట్టేటప్పుడు చక్కెర తన జాతి అణువులనే చేర్చుకుంటుంది, మిగతాదాన్ని బయటికి నెట్టేస్తుంది. రంగు, మాడు, వాసన ఏదున్నా తొట్టి అడుగు పాకంలోనే మిగులుతుంది. కలకండ ఎంత స్వచ్ఛమైతే బీరుకు అంత పనికిరాదు. బెల్జియం కాచేవాళ్లు ముదురురంగు బీర్లకు వాడుతూ వచ్చింది ఆ మిగులు పాకాన్ని, మళ్లీ నల్లగా కాచినదాన్ని. ఖరీదైన స్ఫటికం కొట్టుకు, చవకైన నలుపు బీరుకు. ఇందులో రహస్యం లేదు, పొదుపుంది.

ఈ సంగతి అమెరికాలో బాగా తెలిసింది 2005లో స్టాన్ హైరనిమస్ రాసిన ‘బ్రూ లైక్ ఎ మాంక్’ పుస్తకం వచ్చాకే. తర్వాత పాకాలు సంచుల్లో దొరకసాగాయి. డీ-45, డీ-90, డీ-180 అని రంగు ముదురును బట్టి పేర్లు. డీ-180 సంచి మూల కత్తిరించి గరిటెలోకి వంచితే తారులా సాగుతుంది. నాకితే మొదట తీపి, వెంటనే కాఫీ, అడుగున సోంపు. రోష్‌ఫోర్ గ్లాసులో తగిలిన వాసనలే. నా చిక్కుముడి విడింది ఆ గరిటె దగ్గర. పాకంలోని చక్కెరను యీస్ట్ తినేస్తుంది. కాచినప్పుడు పుట్టిన గోధుమరంగు పదార్థాలు దానికి అరగవు, అందుకని వాసన నిలుస్తుంది, తీపి పోతుంది.

సంచి కొంటే సరిపోయేది. పాకం పట్టే ఊరివాణ్ని కనక ఊరుకోలేకపోయాను. గులాబ్‌జామ్ పాకం గడ్డకట్టకుండా మనం నిమ్మరసం పిండుతాం. ఆ పులుపు చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడదీస్తుంది, రుచికి పెద్దగా చేసేదేమీ ఉండదు. రుచికి దారి వేరు, అక్కడ నత్రజని కావాలి, క్షారం కావాలి. అందుకు ఇంట్లో కాచేవాళ్లు వాడేవి రెండు: డీఏపీ, సున్నం. మన రైతులెరిగిన ఆ డీఏపీనే, కాకపోతే ఎరువు బస్తాలోది కాదు, యీస్ట్‌కు మేతగా అమ్మే తినదగిన రకం. సున్నం కూడా తినదగినదే. చెరుకు రసం తేర్చడానికి బెల్లం గానుగల దగ్గర వేసే సున్నం ఇక్కడ రంగు తెచ్చే పని చేస్తుంది.

కిలో పంచదార, గ్లాసు నీళ్లు, చెంచాడు డీఏపీ, చిటికెడు సున్నం. వేడెక్కగానే అమోనియా ఘాటు లేచి కళ్లు మండుతాయి, కిటికీ తెరవాల్సిందే. 115 డిగ్రీల దగ్గర తేనెరంగు. 130 దాటాక ఎర్ర ఇటుక. అక్కణ్నుంచి ప్రతి డిగ్రీకీ రంగు మారుతుంది, వాసన దానికంటే ముందు మారుతుంది. నేను థర్మామీటర్ చూస్తున్నాను, 143 లక్ష్యం. ఆ ఏడు మా దగ్గరికి వచ్చిన అమ్మ వెనక నిలబడి నీళ్లగిన్నెలో ఒక చుక్క వేసింది. తీసి పళ్లెంలో పడేస్తే టంగుమంది.

“పప్పుండల పాకం ఎప్పుడో దాటిపోయిందిరా. దించెయ్, మాడుతుంది.”

“ఇంకా మూడు డిగ్రీలుందమ్మా.”

“గిన్నెకా మాట చెప్పు.”

143 దగ్గర దించాను. మందపాటి గిన్నె, దించాక కూడా కాస్తూనే ఉంది. నీళ్లు పోసేలోపు పాకం మసిబారింది. ఆ బీరు బూడిద చేదుతో తేలింది. తర్వాత 138 దగ్గరే పొయ్యి కట్టేసి, మిగతా వేడిని గిన్నెకు వదిలి, వాసన ఎండుద్రాక్షకు తిరగగానే వేణ్నీళ్లు పోయడం నేర్చుకున్నాను. ఇప్పుడు థర్మామీటర్ గోడకు తగిలించే ఉంటుంది, చూసేది తక్కువ. ఆ చుక్క పరీక్ష అమ్మ ఎవరి దగ్గర నేర్చిందో నేను అడగలేదు, బీరు కోసమని తెలిశాక ఆమె మళ్లీ గరాజ్ వైపు రాలేదు.

మిగతా పని ఓపికది. 19 లీటర్లకు ఆరున్నర కిలోల పిల్స్‌నర్ మాల్ట్, 65 డిగ్రీల నీళ్లలో గంట నానబెట్టి రసం తీసి, తొంభై నిమిషాలు మరిగించి, చివర్లో దాదాపు కిలో పాకం. హైడ్రోమీటర్ 1.089 చూపాలి. వెస్ట్‌మాలె వంశమని చెప్పే యీస్ట్‌ను 18 డిగ్రీల దగ్గర కలిపి, తర్వాత వేడి దానంతటదే 24 దాకా ఎక్కుతుంటే వదిలేస్తాను. మొదట్లోనే వేడెక్కితే ఘాటైన స్పిరిట్ వాసన కొడుతుంది, చివర్లో చల్లబడితే యీస్ట్ నిద్రపోయి తీపి మిగిలిపోతుంది. 1.012కు దిగితే పది శాతం వచ్చినట్టు. సీసాకు ఎక్కించేటప్పుడు మళ్లీ 140 గ్రాముల చక్కెర, కొంచెం తాజా యీస్ట్. గ్యాసు సీసాలోనే పుడుతుంది కనక మందపాటి గాజు తప్పనిసరి. ఆరు నెలలకు ముందు మూత తీయడం దండగ.

మేముండే ఒహాయోలో ఇదంతా చట్టం ఒప్పిన పనే. ఇంట్లో కాచుకోవడం మీద ఫెడరల్ నిషేధాన్ని 1978 చట్టం ఎత్తేసింది, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా కాస్తే నేరం, అక్కడి మిత్రులు ఈ కొలతలు చదివి ఊరుకోవాలి.

మొన్న మూడు గ్లాసులు వరసగా పెట్టి, ఏది ఏదో చెప్పకుండా మా ఆవిడ చేతికిచ్చాను. సంచి పాకంతో కాచింది, నా పాకంతో కాచింది, రోష్‌ఫోర్. మూడో గ్లాసు పట్టుకుని ఆమె తిరిగి ఇవ్వలేదు. నా పాకానికి సంచి పాకం కంటే వాసన ఎక్కువ, చివరి చేదు మొరటు. రోష్‌ఫోర్‌లో ఆ చేదు వచ్చిందో లేదో తేలేలోపే పోతుంది, అది నాకింకా పట్టుబడలేదు. మొదటిసారి కాచేవాళ్లు సంచి కొనుక్కోవడమే మేలు. రెండోసారి పొయ్యి దగ్గర నిలబడదలిస్తే లోతైన గిన్నె తీసుకోండి, నీళ్లు తగలగానే పాకం మూడింతలు పొంగుతుంది.