కొలత చెప్పి చేయించిన గాలపు కర్ర

వేహాయ్ అనే ఊరి పేరు మన వైపు గాలం వేసేవాళ్లలో చాలామంది విని ఉండరు. వాళ్ల చేతిలోని రాడ్డు మాత్రం అక్కడ పుట్టినదై ఉండే అవకాశం ఎక్కువ. చైనాలో షాన్‌డాంగ్ ద్వీపకల్పం తూర్పు కొసన, పసుపు సముద్రానికి అవతల కొరియాను చూస్తూ ఉంటుంది ఆ రేవు పట్టణం. 1898 నుంచి 1930 దాకా బ్రిటిష్‌వాళ్లు కౌలుకు తీసుకుని ఉంచుకున్న చోటు. 1990లో అక్కడి నుంచి దక్షిణ కొరియాలోని ఇంచన్‌కు ఓడ తిరగడం మొదలైంది. ఇవాళ ప్రపంచంలో అమ్ముడయ్యే గాలపు రాడ్లలో పెద్ద వాటా ఆ ఊరి చుట్టుపక్కల ఫ్యాక్టరీలదే. అమెరికా కంపెనీ పేరైనా, ఐరోపా కంపెనీ పేరైనా, హైదరాబాద్‌లోని ఒక చిన్న దుకాణం పేరైనా, ఏది వేయమంటే అది వేసి ఇస్తారు.

ఒకరు చేసిన సరుకు మీద ఇంకొకరు తమ పేరు వేసుకుని అమ్మే ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. మందుల్లో ఉంది, సబ్బుల్లో ఉంది, సూపర్‌మార్కెట్‌లో కందిపప్పు ప్యాకెట్ మీదా ఉంది. నేను చేస్తున్నది చేపల వేట సామానులో. స్టిక్కర్ మార్చి అమ్ముకోవడమే కదా అనేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. స్టిక్కర్ వేయడానికి అరగంట చాలు. మిగతా ఏడాదంతా దేనికి పడుతుందో చెప్పాలని ఈ వారం రాస్తున్నాను.

ఫ్యాక్టరీ కేటలాగ్ తెరిస్తే కళ్లు తిరిగేన్ని మోడళ్లు. వాటిలో ఎక్కువ భాగం అమెరికా సరస్సుల్లో బాస్ చేప పట్టేవాళ్ల కోసం, లేదంటే ఐరోపా కాలవల గట్టున కార్ప్ చేపకు గాలం వేసి రోజంతా కూర్చునేవాళ్ల కోసం గీసినవి. బాస్ వేటగాడికి సొంత పడవ ఉంటుంది. ఆ పడవలో రాడ్లు పెట్టుకోవడానికి పొడవాటి అర ఉంటుంది. అందుకని ఏడడుగుల రాడ్డు అతుకు లేకుండా ఒకే ముక్కగా చేస్తారు. మన దగ్గర వేటకు పోయేది మోటార్‌సైకిల్ మీద. ఒకసారి నల్లగొండ వైపు నుంచి వచ్చిన కుర్రాడు అలాంటి రాడ్డు చేతిలోకి తీసుకుని, రెండుసార్లు ఊపి చూసి, తిరిగి ఇచ్చేశాడు. “అన్నా, రాడ్డు మంచిగుంది గానీ బండి మీద ఎట్ల పెట్టుకపోవాలె? చెట్ల కొమ్మలకు తాకి కొస ఇరుగుతది.”

అతని మాటే నా ఆర్డర్ కాగితంలో మొదటి వాక్యమైంది. రెండు ముక్కలు, అతుకు సరిగ్గా మధ్యలో. మధ్యలో అని ఎందుకు నొక్కి రాయాలంటే, రెండు ముక్కలు అంటే చాలు ఫ్యాక్టరీవాళ్లు అతుకును పిడి దగ్గర పెట్టేస్తారు. వాళ్లకు అది తేలిక, రాడ్డు వంపు కూడా చెడదు. కానీ పై ముక్క ఐదడుగులకు పైనే మిగిలిపోతుంది, బండి మీద ఇబ్బంది అట్లాగే ఉంటుంది. మధ్యలో అతుకు పెడితే వంపు అక్కడ కొంచెం బిగుసుకుంటుంది. ఆ నష్టం నాకు తెలుసు. తెలిసే ఒప్పుకున్నాను. విరిగిన కొసతో చెరువు గట్టుకు చేరినవాడికి వంపు ఎంత అందంగా ఉంటే ఏం లాభం?

ఇక చేప సంగతి. నేను చేయించిన రాడ్డు కొర్రమీను కోసం. కొర్రమీను నీళ్లలో ఉంటూనే పైకొచ్చి గాలి పీల్చుకునే చేప. గుర్రపుడెక్క సందుల్లో, తూటికాడ పొదల కింద, తామరాకుల నీడన కదలకుండా కాచుకుని ఉంటుంది. నీటి మీద కప్ప గెంతితే కింది నుంచి లేచి ఒక్క గుటకలో మింగేస్తుంది. మన కుర్రాళ్లు ఇప్పుడు బోలు రబ్బరు కప్పను ఆ ఆకుల మీద గెంతిస్తూ లాగేది అందుకే. చేప అందుకున్న మరుక్షణం దాన్ని ఆకుల మీదికి ఎత్తెయ్యాలి. అర నిమిషం ఆలస్యమైతే దారం కాడలకు చుట్టుకుంటుంది, చేప పోతుంది, నోట్లో గాలం ఉన్న చేప పోతుంది. అది ఇంకా బాధ. కాబట్టి రాడ్డు కింది భాగం మొండిగా లాగాలి. పైన కొస మాత్రం పది, పదిహేను గ్రాముల రబ్బరు కప్పను దూరంగా విసరగలిగేంత మెత్తగా ఉండాలి. ఈ రెండూ ఒకే కర్రలో కుదరడం తేలిక కాదు.

దీన్ని ఫ్యాక్టరీకి చెప్పడం ఎలా? ఈ వ్యాపారంలో మీడియం, మీడియం హెవీ, హెవీ అనే మాటలు చలామణీలో ఉన్నాయి. వాటికి అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒకరి మీడియం హెవీ ఇంకొకరి హెవీ. అందుకని మాటలు వదిలేసి దర్జీకి ఇచ్చినట్టు కొలతలు ఇవ్వాలి. రాడ్డు పిడిని బల్లకు అడ్డంగా బిగించి, కొసకు పావుకిలో, అరకిలో, కిలో తూకాలు ఒకదాని తర్వాత ఒకటి కట్టి, ఒక్కో తూకానికి కొస ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలు పెట్టి కొలుస్తాను. వెనక గోడకు గళ్ల కాగితం అంటించి ఫొటో తీస్తాను. ఆ ఫొటోల మీద ఎర్ర పెన్నుతో గీత గీసి, వంపు ఇక్కడ మొదలవ్వాలి, ఇక్కడ ఆగాలి అని పంపిస్తాను. అవతల ఎగుమతులు చూసే అమ్మాయి ఇంగ్లిష్, నా ఇంగ్లిష్ రెండూ అంతంతమాత్రమే. ఎర్ర గీత మాత్రం ఇద్దరికీ ఒకేలా అర్థమవుతుంది.

రాడ్డు తయారీ దగ్గరుండి చూస్తే మన కాగితంలో ఇంకేం రాయాలో తెలుస్తుంది. జిగురు పట్టించిన కార్బన్ పీచు షీట్లను చల్లటి గదిలో దాస్తారు. వాటిని పొడవాటి త్రికోణాలుగా కోసి, నున్నటి ఉక్కు కడ్డీకి అంచును వేడి ఇస్త్రీతో అంటించి, రెండు పలకల మధ్య దొర్లించి చుడతారు. పైన సన్నటి ప్లాస్టిక్ టేపు లాగి బిగించి పొయ్యిలో పెడతారు. జిగురు గట్టిపడ్డాక లోపలి ఉక్కు కడ్డీని లాగేస్తే మిగిలిన బోలు గొట్టమే రాడ్డు. షీటు అంచు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట ఆ గొట్టానికి ఒక పక్క గట్టిదనం ఎక్కువ ఉంటుంది. కొసను అరచేతిలో ఆనించి, నడుమ నొక్కి తిప్పితే ఒక చోట గొట్టం తనంతట తనే టక్కున తిరిగి కూర్చుంటుంది. దారం పోయే రింగులు ఆ వరస చూసుకుని కట్టాలి. నేను చూసిన ఫ్యాక్టరీలో ఒక పెద్దావిడకు రోజంతా ఇదే పని. నొక్కడం, తిప్పడం, తెల్ల పెన్సిల్‌తో చుక్క పెట్టడం. చూపు కూడా అటు పెట్టడం లేదు, వేళ్లకే తెలిసిపోతోంది. వేల మైళ్ల అవతల ఎవరికోసమో చేస్తున్న రాడ్డుకు ఆమె ఇస్తున్న శ్రద్ధ చూశాక, దాని మీద నా పేరు వేసుకునేటప్పుడు నాకు భయం, గౌరవం రెండూ కలిగాయి.

ఆ గొట్టంలో పైకి కనిపించని పొర ఒకటి ఉంటుంది. రాడ్డు బాగా వంగినప్పుడు గుండ్రటి గొట్టం నొక్కుకుపోయి కోలగా అవుతుంది, అక్కడే పుటుక్కుమంటుంది. అలా కాకుండా అడ్డంగా పీచు పొర ఒకటి వేస్తారు. ఎంత లాగినా మన కొనుగోలుదారు దాన్ని చూడలేడు. అందుకే ఆ పొర గురించి నా కాగితంలో విడిగా ఒక వరస ఉంటుంది. దానికి అదనంగా అయ్యేది ఇస్తాను, బేరం ఆడను.

బేరం ఆడని ఇంకో విషయం రాడ్డు మీద అచ్చయ్యే అంకెలు. “ఏం రాయమంటారు?” అని ఫ్యాక్టరీవాళ్లు ఎంతో మర్యాదగా అడుగుతారు. ఐఎం7 వేయమన్నా వేస్తారు, ఐఎం8 వేయమన్నా వేస్తారు. అవి హెక్సెల్ అనే అమెరికన్ కంపెనీ తన కార్బన్ పీచుకు పెట్టుకున్న పేర్లు. ఆ పీచు ముక్క కూడా లేని రాడ్ల మీద అవి మెరుస్తూ ఉంటాయి. 24టీ, 30టీ, 40టీ అనేవి పీచు బిగువు లెక్క. అంకె పెరిగితే రాడ్డు మంచిదని మనవాళ్ల నమ్మకం. నిజానికి బిగువు పెరిగేకొద్దీ పీచు పెళుసవుతుంది. గట్టున రాయికి తగిలినా, బండి స్టాండుకు కొట్టుకున్నా పైకి కనబడని పగులు పడి, పెద్ద చేప పడ్డ రోజున విరుగుతుంది. నేను పొడవు, విసరదగ్గ బరువు, తగిన దారం, ఈ మూడే వేయిస్తాను. అంకెలు తక్కువున్నాయని పక్క షాపుకు పోయినవాళ్లు ఉన్నారు. పోనివ్వండి.

దారంలోనూ ఇదే తంతు. నైలాన్ దారం నీళ్లు పీల్చుకుంటుంది, తడిస్తే బలం తగ్గుతుంది. డబ్బా మీద అంకె పొడి దారానిదో, తడి దారానిదో చెప్పరు. బకెట్ నీళ్లలో గంటసేపు నానబెట్టి, ముడి వేసి, వేలాడే తరాజుకు కట్టి లాగి తెంపి చూడాలి. నేను డబ్బా మీద వేయించేది ఆ తడి అంకెనే. అది పక్క డబ్బా కంటే చిన్నదిగా ఉంటుంది, సరిగ్గా ఉంటుంది.

డబ్బు వ్యవహారం గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఆర్డర్‌తో 30 శాతం, సరుకు ఓడ ఎక్కే ముందు 70 శాతం అనేది మామూలు ఒప్పందం. చైనా కొత్త సంవత్సరం ముందూ వెనకా ఫ్యాక్టరీ వారాల తరబడి మూతపడుతుంది కాబట్టి వానాకాలానికి కావాల్సిన రాడ్లకు మాట ముందే పడాలి. ఆ 70 శాతం కట్టే ముందు చేసే తనిఖీయే అన్నిటికంటే ముఖ్యం. నచ్చిన శాంపిల్ మీద ఇద్దరం సంతకాలు చేసి ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి నా దగ్గర ఉంచుకుంటాం. ఐఎస్ఓ 2859 పట్టిక ప్రకారం వెయ్యి రాడ్లలో 80 తీసి చూస్తారు. మామూలుగా వాడే 2.5 స్థాయిలో ఐదింటిదాకా లోపం ఉంటే సరుకు పాసు, ఆరో దానికి మొత్తం వెనక్కి.

ఒక ఫ్యాక్టరీ శాంపిల్‌లో మంచి రింగులు పెట్టి, అసలు సరుకులో చడీచప్పుడు లేకుండా చవకవి కట్టింది. బయటికి రెండూ ఒకటే నలుపు, ఒకటే మెరుపు. తనిఖీ చేసే మనిషికి నేను చెప్పిన పరీక్ష ఒకటుంది: చెవిలో పెట్టుకునే దూది పుల్ల తీసుకుని ప్రతి రింగు లోపలి అంచున చుట్టూ తిప్పడం. నున్నటి పింగాణీ మీద దూది జారిపోతుంది. కంటికి ఆనని పగులున్నా పోగు పట్టుకుని నిలుస్తుంది. దూది పట్టుకున్న చోటే అల్లిక దారం రోజూ ఒరుసుకుని తెగిపోయేది. ఉప్పు నీళ్ల పరీక్షలో ఆ రింగుల కాళ్లకు తుప్పు కూడా పట్టింది. కాకినాడ పాయల్లో పండుగప్పకు గాలం వేసేవాడు ఆ రాడ్డు కొని ఉంటే రెండో నెలకే తిట్టుకునేవాడు. ఫ్యాక్టరీని కాదు, నన్ను. సరుకు అక్కడే ఆగింది, రింగులన్నీ విప్పి మళ్లీ కట్టారు, నా వానాకాలం అమ్మకం పోయింది. అయినా సంగతి కనిపెట్టి నాకు ఫోన్ చేసినందుకు తనిఖీ మనిషికి ఇప్పటికీ కృతజ్ఞుణ్ని.

సరుకు దిగాక ప్యాకింగ్ మీద దిగుమతి చేసుకున్నవాడి పేరు, చిరునామా, ఎమ్మార్పీ, ఏ దేశంలో తయారైందో ఉండాలని మన తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. దేశం పేరు చీమ తలకాయంత అక్షరాల్లో, మడత కింద వేయించమని తోటి వ్యాపారులు సలహా ఇస్తారు. నేను తెలుగులో, నా దుకాణం పేరున్నంత సైజులో, ‘తయారీ: వేహాయ్, చైనా’ అని వేయిస్తాను. దాని కిందే ఇంకో వాక్యం ఉంటుంది. ఎర్రటి పిల్లల గుంపును వెంటేసుకుని తిరిగే కొర్రమీనుకు గాలం వేయొద్దని. ఆ తల్లిదండ్రులను పట్టేస్తే పిల్లలన్నీ మిగతా చేపల నోట్లో పడతాయి. చట్టం అడగని ఈ వాక్యానికి అచ్చు ఖర్చు నాదే.

చివరగా, ఈ పనిలోకి రావాలనుకునే కుర్రాళ్లు అడిగితే నేను మొదట చెప్పేది విడి కొసల గురించి. రెండు ముక్కల రాడ్డులో ఎక్కువగా విరిగేది పై ముక్కే. ఆర్డర్ ఇచ్చేటప్పుడే నూటికి ఐదారు పై ముక్కలు విడిగా, అదే బ్యాచ్‌లో చేయించుకోవాలి. వచ్చే ఏడు తెప్పించుకుందాం అనుకుంటే అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా వస్తుంది, ఎక్కదు, ఎక్కినా వదులుగా తిరుగుతుంది. ఫ్యాక్టరీకి ఈ ఆర్డర్ ఇష్టం ఉండదు, లెక్క గజిబిజి అవుతుందని. గట్టిగా అడిగితే చేస్తారు. మా దుకాణంలో వెనక గోడకు ఆ కొసలు వరసగా వేలాడుతుంటాయి, ఒక్కోదానికి బ్యాచ్ నంబర్ చీటీ కట్టి. విరిగిన రాడ్డు తెచ్చినవాడికి పిడి మీది నంబర్ చూసి సరిపడా కొస ఇచ్చి, దానికి అయిన ధర మాత్రం తీసుకుంటాం. ఈ ఏడు ఏడడుగుల రాడ్డు కొసలు అప్పుడే నిండుకున్నాయి. కొత్త ఆర్డర్‌లో నూటికి ఎనిమిది రాశాను.